తోలుబొమ్మను ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ముందు దాని వెనక దీపం పెట్టండి

నేను ఆన్‌లైన్‌లో అమ్మిన మొదటి బొమ్మ రెండడుగుల హనుమంతుడు. హైదరాబాద్ చేరిన రోజు సాయంత్రమే కొన్నాయన ఫొటో పంపారు. బొమ్మను సోఫా మీద పడుకోబెట్టి, ఫోన్లోనే ఎర్ర గీతలతో అక్కడక్కడా సున్నాలు చుట్టారు. కింద ఒక మాట: "మేడమ్, బొమ్మ నిండా చిల్లులే. ఎలుకలు కొట్టినట్టుంది. డబ్బు వెనక్కి పంపండి."

ఆ చిల్లులు కొట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. కిరీటం, భుజకీర్తులు, నడుముకు కట్టిన దట్టీ మీద పువ్వులు, అన్నీ ఆ చిల్లులతోనే వస్తాయి. ముందు ఒళ్లు మండింది. రాత్రి పడుకున్నాక నేను పెట్టిన ఫొటో మళ్లీ తీసి చూసుకున్నాను. మిట్టమధ్యాహ్నం వాకిట్లో చాప మీద పరిచి తీసిన ఫొటో అది. వెనక వెలుతురు లేకపోతే మా బొమ్మ రంగులేసిన అట్టముక్క లాగానే ఉంటుంది. పాపం ఆయన ఎప్పుడూ ఆట చూసి ఉండరు. చూపించాల్సింది నేను, చూపించలేదు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను.

మాది నిమ్మలకుంట, ధర్మవరం దగ్గర. మా ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఊరి పేరు కొంతమందికైనా తెలిసింది. మా మామ ఒకప్పుడు తెర వెనక నిలబడి రాత్రంతా రామాయణం ఆడించినవారు. నేను కోడలిగా వచ్చేసరికి ఆటలు తగ్గిపోయాయి. చిల్లులు కొట్టడం, రంగులేయడం మాత్రం పట్టుకున్నాను. ఆరేళ్లుగా ఫోన్ పెట్టుకుని అమ్ముతున్నాను. తోలుబొమ్మలే కాదు, చేత్తో ఏ బొమ్మ చేసి అమ్మేవాళ్లకైనా ఇందులో కొంత పనికొస్తుందని రాస్తున్నాను.

ఫొటో

కొనేవాళ్లు బొమ్మను పట్టుకుని చూడలేరు. చేతికి తెలిసేదంతా కంటికి చూపించాలి. నేను ఒక్కో బొమ్మకు ఐదు ఫొటోలు, ఒక వీడియో పెడతాను.

మొదటిది ఎప్పుడూ వెనక వెలుతురుతో తీసిందే. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడితే అది వెలుతురును లోపలికి రానిస్తుంది. రంగు రెండు వైపులా వేస్తాం కాబట్టి దీపం పెట్టగానే ఎరుపు, ఆకుపచ్చ మండినట్టు కనిపిస్తాయి. దీనికి స్టూడియో అక్కర్లేదు. మా పడమటి కిటికీకి మామ పాత తెల్ల పంచె బిగించి కట్టాను. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య ఎండ దాని మీద పడుతుంది. బొమ్మను పంచెకు ఆనించి పెట్టి, గదిలో లైటు ఆపేస్తాను. ఫోన్ తెర మీద బొమ్మ ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. తర్వాత వెలుతురు గుర్తును కొంచెం కిందికి లాగాలి. లేకపోతే చిల్లులన్నీ తెల్లగా పేలిపోయి నగలు కనపడవు.

మొదట్లో వెనక బల్బు పెట్టి తీసేదాన్ని. చవక ఎల్ఈడీ బల్బుతో వీడియో తీస్తే నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతాయి. బల్బు మన కంటికి తెలియకుండా వెలిగి ఆరుతూ ఉంటుందట, మావాడు చెప్పాడు. ఎండ అయితే ఆ గొడవ లేదు.

మిగతా ఫొటోలు త్వరగా అయిపోతాయి. మామూలు వెలుతురులో ఒకటి, ఎందుకంటే గోడకు తగిలించుకుంటే పగలు అలాగే కనిపిస్తుంది. నేను చేత్తో పట్టుకుని నిలబడింది ఒకటి, సైజు తెలియడానికి. 24 అంగుళాలు అని రాస్తే ఎవరికీ ఊహకు రాదు. మోచేయి, మోకాలి దగ్గర దారం ముడి కనపడేలా ఒకటి. వెనక వెదురు బద్ద కనపడేలా ఒకటి. ఇక పదిహేను సెకన్ల వీడియో: బొమ్మ చెయ్యి ఎత్తాలి, తల తిప్పాలి. కదలని బొమ్మను జనం గోడబొమ్మ అనుకుంటారు. కదిలే వీడియో పెట్టిన నెలలోనే బడి టీచర్లు ఇద్దరు, కథలు చెప్పే ఆమె ఒకరు అడిగారు. అప్పటిదాకా అలాంటివాళ్లు కొంటారన్న ఆలోచనే నాకు రాలేదు.

బొమ్మ కింద రాసే మాట

ఢిల్లీ నుంచి ఒకామె బొమ్మ అందాక "తాళ్లు ఏవి?" అని అడిగింది. ఆమె మనసులో ఉన్నది రాజస్థాన్ కఠ్‌పుత్లీ, పైనుంచి దారాలతో ఆడించే చెక్కబొమ్మ. మనది తెర వెనక బద్ద పట్టుకుని ఆడించే నీడబొమ్మ. అప్పటినుంచి మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. పేరులో "తోలుబొమ్మ", "లెదర్ పప్పెట్", "షాడో పప్పెట్" మూడూ రాస్తాను. ఎవరు ఏ మాటతో వెతుకుతారో తెలియదు. "హ్యాండ్‌మేడ్ డెకర్" అని మాత్రమే పెడితే ప్లాస్టిక్ పూలదండల మధ్య కూర్చుంటాం.

మేకతోలు అన్న మాట దాచకండి. కొందరికి దేవుడి బొమ్మ తోలుతో చేయడం నచ్చదు. ఇంకొందరు జంతువులవి ఏవీ వాడరు. ముందే తెలిస్తే మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. తెలియకుండా కొంటే బొమ్మా తిరిగొస్తుంది, మాటా పడాలి.

వాసన గురించి కూడా రాయాలి. డబ్బా తెరవగానే రెండు మూడు రోజులు పచ్చి తోలు వాసన సన్నగా ఉంటుంది, నీడలో గాలికి పెడితే పోతుంది. ఈ ఒక్క వాక్యం రాశాక ఫిర్యాదు ఫోన్లు సగానికి సగం తగ్గాయి. లాంప్‌షేడ్ చేసేవాళ్లు ఎల్ఈడీ బల్బే వాడాలని పెద్ద అక్షరాలతో రాయండి. ఒకాయన పాతకాలం వంద క్యాండిల్ బల్బు పెట్టాడు. వేడికి తోలు ముడుచుకుపోయి, లాంప్ మీది నెమలి కోడిపిల్ల అంతయింది.

అన్నిటికంటే విచిత్రం బెంగళూరు కుక్క. జటాయువు రెక్క మొత్తం నమిలేసింది. కుక్కలకు నమలడానికి షాపుల్లో అమ్మే ఎముకలు కూడా ఇలాంటి పచ్చి తోలుతోనే చేస్తారట. దాని తప్పేముంది? ఇప్పుడు "ఇంట్లో కుక్క ఉంటే అందని ఎత్తులో తగిలించండి" అని నా ప్రతి బొమ్మ కింద ఉంటుంది. చదివి నవ్వుకుని కొన్నవాళ్లూ ఉన్నారు.

మచ్చుకు ఒక హనుమంతుడి కింద నేను రాసేది ఇది: "తెర వెనక ఆడించే తోలుబొమ్మ, దారాల బొమ్మ కాదు. మేకతోలు, చేత్తో కొట్టిన చిల్లులు. వాటిలోంచి వెలుతురు రావాలి, అవి చిరుగులు కావు. ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు చేతులు చాపితే 16. తల, రెండు చేతులు కదులుతాయి. ఆడించే బద్దలు డబ్బాలోనే ఉంటాయి. ప్రతి తోలు రంగు కొంచెం వేరు. ఫొటోలో ఉన్నదే మీకు వస్తుంది."

చివరి వాక్యం నిజం కావాలి. ఒక ఫొటో పెట్టి పది బొమ్మలు అమ్మితే, ఆరోదో ఏడోదో కొన్నవాళ్లు "నా హనుమంతుడి ముఖం వేరేగా ఉంది" అంటారు. వేరేగానే ఉంటుంది, అచ్చులో పోసింది కాదు కదా. అందుకే ఒక్కో బొమ్మకు ఒక్కో ఫొటో. లేదా "మీ కోసం కొత్తగా చేస్తాను, పన్నెండు రోజులు పడుతుంది" అని రాసి సగం డబ్బు ముందే తీసుకోండి.

ధర

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. మోసం చేసేది ఎవరో కాదు, మన లెక్కే. నేను రెండడుగుల హనుమంతుణ్ణి మొదట 1,800కు అమ్మాను. "బాగానే వచ్చింది" అనుకున్నాను. మావాడు కాగితం తీసి రాయించాడు. శుభ్రం చేసిన తోలు 700. రంగులు, వెదురు, దారం 150. డబ్బా, అట్ట 130. మొత్తం 980 ఖర్చు పోతే మిగిలింది 820. పని ఐదు రోజులు. రోజుకు 164 రూపాయలు! ఉపాధి పనికి పోయినా అంతకంటే ఎక్కువే వచ్చేది.

ఇప్పుడు నా కూలి రోజుకు 600 వేసుకుంటాను. ఐదు రోజులకు 3,000, ఖర్చు 980, కలిపి 3,980. పది బొమ్మల్లో ఒకటి చెడుతుంది, రంగు పాకడమో ఉలి జారడమో. దానికి పదో వంతు కలిపితే దగ్గర దగ్గర 4,400. ఫోన్లో నేరుగా అడిగినవాళ్లకు ఇదే ధర, పోస్టు ఖర్చు వేరే.

సైటులో పెట్టేటప్పుడు ఇంకో మెలిక ఉంది. సైటు నూటికి 15 కోస్తుందనుకోండి. 4,400కు 15 శాతం కలిపి 5,060 పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ కోత 5,060 మీద పడుతుంది. 759 పోయి చేతికి వచ్చేది 4,301. 4,400ను 0.85తో భాగించాలి, అంటే 5,180 దాకా పెట్టాలి. చిన్న తేడానే, కానీ ఏడాదికి ఒక మేక ఖరీదు.

పెద్ద బొమ్మ ఎవరూ మొదటిసారే కొనరు. అంచుల్లో మిగిలిన తోలుముక్కలతో అరచేతి సైజు చిలుకలు, చేపలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు చేసి 150 నుంచి 450 మధ్య పెట్టండి. నా దగ్గర పెద్ద రావణుణ్ణి తీసుకున్నావిడ ముందు రెండు చిలుకలు కొని, నన్ను పరీక్ష చేసింది.

ఎక్కడ అమ్మాలి

దీని గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు, వీటితో మొదలుపెట్టండి. ఖర్చు లేదు. అమెజాన్‌లో కారీగర్, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ అని చేతిపనివాళ్ల కోసం విడిగా ఏర్పాట్లున్నాయి. ఎట్సీలో ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడైతే 6.5 శాతం కోత, డబ్బు మన చేతికి చేర్చినందుకు ఇంకొంత కోత. విదేశాల్లో కొనేవాళ్లు అక్కడ వెతుకుతారు. నా సగం అమ్మకాలు ఇప్పటికీ వాట్సాప్‌లోనే.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువమంది చూసేది తయారైన బొమ్మను కాదు. ఉలితో టకటకా కొట్టే వీడియోను చూస్తారు. చివర్లో కన్ను దిద్దే వీడియోను ఇంకా ఎక్కువ. మా ఇంట్లో కన్ను ఎప్పుడూ ఆఖరునే.

డబ్బా కట్టడం

రెండడుగుల బొమ్మ డబ్బాతో కలిపి ముప్పావు కిలో కూడా ఉండదు. కానీ కొరియర్‌వాళ్లు బరువుతో పాటు సైజూ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ఏది ఎక్కువైతే దానికే డబ్బు. నా మొదటి డబ్బా 75, 50, 6. లెక్క వేస్తే నాలుగున్నర కిలోలు! పోస్టు డబ్బే బొమ్మలో నా లాభాన్ని తినేసింది.

తర్వాత మామ చెప్పారు: "పెట్టెలో ఎట్లా పెడతామో అట్లా పెట్టు." ఆటలకు పోయేటప్పుడు చేతులు, కాళ్లు కీళ్ల దగ్గర మడిచి, బొమ్మ మీద బొమ్మ పరిచేవారు. బద్దలు విప్పేసి, చేతులు, కాళ్లు ఒంటి మీదికి మడిస్తే 50, 35, 5 డబ్బాలో పట్టింది. ఒకటిముప్పావు కిలో. మడత కీలు దగ్గర మాత్రమే. తోలును మధ్యలో మడవకూడదు, చుట్టకూడదు. చుట్టిన బొమ్మ చదునుగా రావడానికి వారం పడుతుంది, రంగు పగుళ్లిస్తుంది.

డబ్బాలు నేను కొనడం మానేశాను. ధర్మవరం పట్టుచీరల షాపుల్లో చీరల లోపల పెట్టే గట్టి అట్టలు, పాత డబ్బాలు తక్కువకే ఇస్తారు. రెండు అట్టల మధ్య బొమ్మ, బొమ్మకు రెండు వైపులా రంగు అంటని కాగితం. ప్లాస్టిక్ కవర్ నేరుగా చుట్టొద్దు, చెమ్మ పట్టి రంగు అంటుకుంటుంది. కవర్ అట్టల బయట వేయండి. లోపల చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఒకటి. చెన్నై, విశాఖ వైపు పోయే బొమ్మలకు రెండు వేస్తాను. సముద్రపు గాలికి అంచులు పైకి లేస్తాయి. లేస్తే రాత్రంతా పుస్తకాల కింద పెడితే చాలని చీటీలో రాస్తాను.

ఒకసారి ఒకే ఇంటికి రాముడు, రావణుడు ఇద్దరూ పోయారు. నేను ఒక దాని మీద ఒకటి పెట్టేశాను. మామ చూసి, ఏమీ అనకుండా మధ్యలో ఇంకో అట్ట పెట్టి వెళ్లారు. మా పెట్టెలో వాళ్లిద్దరినీ ఎప్పుడూ ఒకరి మీద ఒకరిని పెట్టరు. ఇప్పుడు నేనూ ఆ అట్ట పెడుతున్నాను. రంగు అంటకుండా కూడా పనికొస్తుంది.

కట్టేటప్పుడు వీడియో తీసి ఉంచండి. విరిగి వచ్చిందంటే చూపించడానికి అదొక్కటే ఆధారం.

డబ్బు తీసుకోవడం

వస్తువు అందాక డబ్బు అనే పద్ధతి నేను మానేశాను. తలుపు దగ్గర వద్దన్నవాళ్ల బొమ్మలకు రెండు వైపులా చార్జీ నేనే కట్టాను. యూపీఐలో డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడతారు. దాన్ని నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. ఇంకొకటి: "నేను ఆర్మీ ఆఫీసర్‌ని, ఇరవై బొమ్మలు కావాలి, క్యూఆర్ కోడ్ పంపుతాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది" అని ఫోన్ వస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్. మా వీధిలో ఒకావిడ పిన్ కొట్టి తొమ్మిది వేలు పోగొట్టుకుంది.

కాగితాలు

కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే చేతిపనివాళ్ల గుర్తింపు కార్డు, పహచాన్ కార్డు అంటారు, అది తీసుకోండి. మేళాల్లో స్టాల్ కోసమే కాదు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఆ కార్యాలయంలో నమోదైన చేతిపనివాళ్లు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. సైటువాళ్లు "మీ బొమ్మలకు సర్టిఫికెట్ ఏది?" అని ఆపితే కార్డు చూపించాలి. ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలకు, అధీకృత వాడకందారుగా పేరు నమోదైతే, ఆ దారిలోనూ మినహాయింపు వస్తుంది.

జీఎస్టీకి వస్తే, ప్రభుత్వం ప్రకటించిన హస్తకళల జాబితాలో ఉన్న వస్తువులను, ఏడాది అమ్మకం 20 లక్షలు దాటనంతవరకు, నంబరు లేకుండా వేరే రాష్ట్రానికి కూడా పంపే వెసులుబాటు ఉంది. పాన్ కార్డు మాత్రం ఉండాలి. పెద్ద సైట్లు నంబరు అడుగుతాయి. మీ వస్తువు జాబితాలో ఎక్కడ పడుతుందో ఒకసారి ఆడిటర్‌కు చూపించుకోండి. నాకు ఆ పని అరగంటలో అయింది.

విదేశాలకు పంపాలంటే ఐఈసీ అనే కోడ్ కావాలి. ఆన్‌లైన్‌లోనే వస్తుంది, ఫీజు 500. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి, పార్సిల్ కాగితాలు అక్కడ పూర్తి చేయొచ్చు. అమెరికాలో మనవాళ్లు దసరా ముందు బాగా అడుగుతారు. కానీ 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. సుంకం ఎవరు కట్టుకోవాలో డబ్బు తీసుకోకముందే మాట్లాడుకోండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు జంతువుల తోలు విషయంలో గట్టిగా ఉంటారు. అక్కడినుంచి అడిగినవాళ్లను వాళ్ల దేశపు నియమం కనుక్కుని చెప్పమంటాను. కాగితం మీద "మేకతోలు, రంగు వేసినది" అని ఉన్నదున్నట్టే రాస్తాను.

పాత బొమ్మలు అడిగేవాళ్లు వస్తారు, జాగ్రత్త. మామ పెట్టెలో తాతల నాటివి కొన్ని జింక తోలువి. అప్పట్లో అలా చేసేవారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని అమ్మితే నేరం. వందేళ్లు దాటిన బొమ్మలకు పురావస్తువుల చట్టం వేరే ఉంది, దేశం దాటించకూడదు. ఒక వీడియోలో వెనక ఆ పెట్టె కనపడిందంతే, మూడు రోజుల్లో నలుగురు ధర అడిగారు. ఒకాయన లక్ష అన్నాడు. మామకు చదివి వినిపించాను. "అందులో సీతమ్మ ఉంది, ఆమెను ఎవరితో పంపిస్తావు?" అన్నారు. ఆ వీడియో తీసేశాను. ఇప్పుడు ఫొటో తీసేముందు పెట్టె మీద దుప్పటి కప్పుతున్నాను.